నందిగామలో బుడగలు రాని రోజు

మా బళ్లో సైన్సు ల్యాబుకు ఏడాదికోసారి రాజభోగం. దసరాకు బీరువా తాళం తీసి, బీకర్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ తాళం వేస్తారు. గాజు సామాను పిల్లల చేతికిస్తే పగిలిపోతుందని మా హెడ్మాస్టరుగారి బెంగ. చదువు పగిలితే ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు కదా.

జగ్గయ్యపేట దగ్గర ఆ హైస్కూల్లో నేను కెమిస్ట్రీ చెబుతాను. బతిమాలీ పోట్లాడీ ఒక సీసాడు ఆసిడ్ బయటికి తీయించాను. పదో తరగతి అమ్మాయి ఒకతె, క్లాసులో నోరు విప్పి ఎరగనిది, ముక్త్యాల క్వారీ లారీల్లోంచి రోడ్డుమీద పడ్డ సున్నపురాయి ముక్క తెచ్చింది. దానిమీద ఆసిడ్ పోస్తే బుసబుసా నురగ.

"మేడం, రాయి ఉడుకుతుందండి" అంది.

ఏ గైడులోనూ లేని మాట. ఆ రోజునుంచి ఆ పిల్ల పుస్తకం వంక చూడకుండా, కళ్లతో చూసిందే చెప్పడం మొదలుపెట్టింది. నా సర్వీసులో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ అలవాటు నిలవాలనే నందిగామ సైన్స్ ఫెయిర్‌కు ఆమెనే తీసుకెళ్లాను.

అక్కడ ఎటు చూసినా థర్మకోలే. థర్మకోల్ అణువు, థర్మకోల్ అగ్నిపర్వతం, పక్కన ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పే పిల్లలు. జడ్జిగారు మా బల్ల దగ్గరకొచ్చారు. మా పిల్ల సీసా వంచింది. రాయి శుభ్రంగా తడిసింది. అంతే.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదండి. బుడగలు రాలేదు."

"పుస్తకంలో ఏముంది?"

"వస్తాయని ఉందండి. ఇప్పుడైతే రాలేదండి."

"ప్రిపరేషన్ లేదు" అని పెదవి విరిచి ఆయన అగ్నిపర్వతం వైపు నడిచారు.

అప్పుడు మాతోపాటు వచ్చిన మా హెడ్మాస్టరుగారు తాపీగా సెలవిచ్చారు. "బస్సులో ఆసిడ్ ఏంటి మేడం? సడన్ బ్రేకేస్తే ఎవరు సమాధానం చెప్తారు? పొద్దున్నే అది పారబోయించి సీసాలో నీళ్లు పట్టించా. బుడగలు వచ్చినయ్యని చెప్తే సరిపోయేదిగా."

ఆయన ముందుచూపుకు నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల పక్కనే నిలబడి అంతా వింది. బస్సులో దారి పొడుగునా చెప్పాను, నువ్వు చెప్పిందే నిజం, తప్పు సీసాలో ఉందని. బుద్ధిగా తలూపింది.

మర్నాడు క్లాసులో మెగ్నీషియం తీగ పట్టుకుని, "ఏం జరుగుతుందో చూసి చెప్పండి" అన్నాను. అందరికంటే ముందు ఆ పిల్లే లేచి చేతులు కట్టుకుంది.

"కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లని కాంతి వచ్చిందండి."

నేనింకా అగ్గిపుల్ల గీయలేదు.