అమ్మ వేసే ఎర్రదారం ముడి

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లుమంట. జమ్మలమడుగులో లెక్కల టీచర్ని, రుజువు లేందే ఏదీ ఒప్పుకోను. అందుకే ఇది చెప్పడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు.

మా తమ్ముడు సుబ్బయ్య ప్రొద్దుటూరులో మగ్గం నేస్తాడు. నెలల తరబడి కడుపునొప్పి. గ్యాసేలే అని సోడాలు తాగీ తాగీ, చివరికి స్కాన్ తీయిస్తే చిన్నపేగులో గడ్డ. శానా అరుదుగా వచ్చే రకం క్యాన్సరంట. తిరుపతిలో సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పినాడు. "పేగు మొదట్లో ఉంటే ఆపరేషన్ చాలా పెద్దదమ్మా. ఇది నడిమిన ఉంది. గడ్డ ఉన్న ముక్కను పక్కనుండే లింఫు గ్రంథులతో సహా తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టేస్తాం."

"అతుకేస్తారు, అంతేగదా సార్. ఆ పని మాకూ వచ్చు," అని తమ్ముడు నవ్వినాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. వాణ్ని నా చంకనెత్తుకొని పెంచినా.

మా అమ్మ పోయి నాలుగేండ్లు. ఆమెదీ మగ్గం పనే. నేతలో తప్పు కనపడితే, సరిచేయడం మర్చిపోకుండా, దానికి ఎదురుగా అంచుకు ఎర్రదారం ముడేసేది. ఎడంచేతి వాటం కాబట్టి ఆమె ముడి తిరగేసినట్టు ఉంటుంది. ఆమె ఆఖరున నేసిన తువ్వాలను తమ్ముడు ఆసుపత్రికి తెచ్చుకున్నాడు. ఆపరేషన్‌కు ముందురోజు నేనే ఉతికి మడతేసినా. అంచుకు ఏ ముడీ లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆ తువ్వాల వాడి కడుపు మీద ఉంది. అంచుకు రెండు ఎర్ర ముళ్లు. రెండూ తిరగేసినవే. మధ్యన జానెడు దూరం.

"ఏందిరా ఇది?" అంటే, "నాకేం తెలుసక్కా, ఈడ ఎర్రదారం యాడిది?" అన్నాడు.

సిగ్గు చంపుకొని సర్జన్‌ను ఆపినా. "సార్, గడ్డలు రెండున్నాయేమో చూడండి." ఆయన నవ్వలేదు. "ఈ రకంలో ఉండొచ్చమ్మా. ఎట్లాగూ పేగంతా చేత్తో తడిమి చూస్తాం," అన్నాడు.

మధ్యాహ్నం బయటికొచ్చి చెప్పినాడు. రెండోది ఉంది, కందిగింజంత, స్కాన్‌కు అందనిది. మొదటిదానికి జానెడు దూరంలో. ఒకే ముక్కలో రెండూ తీసేసినారు. నేను థియేటర్ బయట బెంచీ మీదనే కూలబడి "అమ్మా" అని ఏడ్చినా.

నేను చెప్పకపోయినా ఆయన తడిమేవాడే. అంతవరకు లెక్క సరిపోతుంది. ముళ్ల లెక్కే నాకు ఇప్పటికీ తేలదు.

తమ్ముడు మళ్లీ మగ్గం గుంతలోకి కాళ్లు దింపి నేతకు కూర్చుంటున్నాడు. స్కాన్‌కు పోయే ప్రతిసారీ ఆ తువ్వాల భుజానేసుకుంటాడు. రిపోర్టు వచ్చేలోపల నేను దాని అంచంతా వేలితో తడిమి చూస్తా. మూడో ముడి ఇంతవరకు లేదు.