రెండో వాక్యం పలకని ఫోన్లు

2014 వేసవిలో నన్ను శ్రీకాకుళం పంపారు. సముద్ర హెచ్చరికలను మత్స్యకారులకు తెలుగులో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు నేను ప్రాజెక్ట్ లీడ్‌ని. అరసవల్లిలో ఒక మేడ మీద మా ఆఫీసు. నాతో ప్రోగ్రామర్ హేమ ఉండేది. మోటారు బోట్ల మీద వేట నిషేధం ముగిసేలోగా మేం పని అప్పగించాలి.

చదివి వినిపించే పని మా సాఫ్ట్‌వేర్ సొంతంగా చేయదు. ఫోన్‌లోనో, ఆఫీసు కంప్యూటర్‌లోనో ముందే ఉండే స్పీచ్ లైబ్రరీ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. ఒక్కో పరికరంలో అది ఒక్కో వెర్షన్. ఏ వెర్షన్ నుంచి పైకి మాది పనిచేస్తుందని హామీ ఇస్తామో, దాన్ని కనీస వెర్షన్ అంటాం. ఒకటో వెర్షన్‌కు తెలుగు రాదు కనుక ఆ ఫోన్లకు మామూలు ఎస్సెమ్మెస్ చాలనుకున్నాం. కంప్యూటర్లలో, కొత్త ఫోన్లలో నాలుగోది ఉండేది. హేమ నాలుగే పెడదామంది. కిందికి దిగేకొద్దీ ప్రతి మార్పునూ మరిన్ని ఫోన్ల మీద పరీక్షించాలి, ఆ పనంతా తన నెత్తినే పడుతుంది. తీరంలో పాత ఫోన్లే ఎక్కువని నేను రెండు అన్నాను. నడిపి చూశాక తేల్చుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం.

పాత ఫోన్ల కోసం నరసన్నపేటలో సుబ్బారావు గారి సెల్ ఫోన్ల దుకాణానికి వెళ్లాం. ఆయన ఒక అట్టపెట్టె ముందుకు తోశారు. "ఇయ్యన్నీ ఎక్సేంజికి వచ్చినవేనమ్మా. ఇక్కడే సూసుకోండి," అన్నారు.

ఆ పాత ఫోన్లలో మా సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మేం తెచ్చిన కొత్తవాటితో కలిపి కౌంటరు మీద వరసగా పెట్టి ఒక హెచ్చరిక పంపాం: "ఉదయం గాలి తక్కువ. మధ్యాహ్నం నుంచి వేటకు వెళ్లవద్దు." కొత్తవి మొత్తం చదివాయి. రెండో వెర్షన్ ఉన్నవి మొదటి వాక్యం చెప్పి ఊరుకున్నాయి.

చేపలమ్మే అప్పలమ్మ తన ఫోన్ బాగు చేయించుకోవడానికి వచ్చి అక్కడే కూర్చుని ఉంది. "ఏటమ్మా, గాలి నేదంతంది గదా. మరి మా మావని తెప్ప మీద ఏటకి ఎల్లమనీదా?" అని అడిగింది.

హేమ వెంటనే తన కోడ్ తెరిచి చూసింది. వాక్యాలను ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబెట్టే సదుపాయాన్ని ఆమె వాడింది. అది మూడో వెర్షన్‌లో గాని రాలేదు. కనీస వెర్షన్ మూడు పెడితే గంటలో పని అయిపోతుంది, కానీ ఈ పాత ఫోన్లన్నీ మా హామీకి బయటే. నిర్ణయం ఆమెకే వదిలాను. హేమ అప్పలమ్మ ఫోన్ అడిగి తీసుకుని చూసింది. అందులో ఉన్నది రెండో వెర్షన్.

"రెండే ఉంచుదాం మేడమ్," అంది.

దుకాణంలోనే స్టూలు మీద కూర్చుని, హెచ్చరికంతా ఒకే ముక్కగా లైబ్రరీకి అందేలా ఆ భాగం తిరగరాసింది. సుబ్బారావు గారు బాగు చేసిన అప్పలమ్మ ఫోన్‌లోనూ దాన్ని ఎక్కించి, సాయంత్రానికి మళ్లీ పంపాం. ఫోన్లన్నీ చదవడం అందుకున్నాయి, ఒకటి ముందూ ఒకటి వెనకా. వేటకు వెళ్లవద్దు, వెళ్లవద్దు అని దుకాణమంతా మోగిపోయింది. వీధిలో పోయేవాళ్లు ఆగి లోపలికి తొంగి చూశారు.

అప్పలమ్మ తన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చివరి దాకా వింది. "ఆపీమ్మా, ఇనబడింది. ఎల్లడులే," అంది. హేమ నవ్వాపుకోలేక కౌంటరు మీదికి వాలిపోయింది. సుబ్బారావు గారు అందరికీ వేడి బజ్జీలు తెప్పించారు. నేనూ హేమా పోటీపడి తిన్నాం.

గడువుకు ముందే అప్పగించాం. ఆ తర్వాత నేను చూసిన ప్రతి ప్రాజెక్టులో ఎవరైనా కనీస వెర్షన్‌గా ఒక అంకె రాసి తెస్తే, దాని మీద నడిపి చూశారా అనే అడిగాను. నడపని వెర్షన్‌కు హామీ ఇవ్వకూడదు.