బూజు పట్టని ప్లేట్లు

లాక్‌డౌన్ నాటి అబద్ధం ఒకటి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. దించమని ఎవరూ అడగలేదు. నా మీద అలాంటి బరువుందని ఎవరికీ తెలియదు కూడా. మీకు చెబుతాను. సిగ్గుపడుతూ చెప్పాలనే కూర్చున్నాను; గర్వమే ముందొస్తోంది, ఏం చేయను?

సూరత్ గోడాదరాలో మాది కిరాణా దుకాణం. పరిశోధనకు వెళ్లినా కౌంటర్ బుద్ధి పోలేదు. ఈస్ట్ కణం చక్కెరను ఎలా తీసుకుంటుందో మా ల్యాబ్‌లో చూసేవాళ్లం. చక్కెర కరువైతే, ఉన్న కాస్తనూ ఒడిసిపట్టి లోపలికి చేరవేసే ప్రోటీన్లను కణం తన అంచున నిలబెడుతుంది. చక్కెర పుష్కలమైతే వాటికొక గుర్తు తగిలించి, లోపలికి లాక్కుని అరిగించేస్తుంది. గిరాకీ లేనప్పుడు గొంతున్నవాణ్ని గడపలో నిలబెట్టి, రద్దీ మొదలవగానే లోపలికి పిలిచే దుకాణం కాదూ ఇది! గైడ్ సార్ నవ్వారు. నాకు మాత్రం కణం అలాగే అర్థమైంది.

ఆ గుర్తు తగిలే చోటును మార్చి కొత్త ఈస్ట్ తయారుచేసింది లత. నా జూనియర్, మరమగ్గాల కార్మికుడి కూతురు. గుర్తు పడకపోతే ప్రోటీన్ అంచునే ఉండిపోతుందా? అదీ ఆమె ప్రశ్న. జవాబు చూసేలోపే లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగి, వాళ్ల కుటుంబం సొంతూరు సిరిసిల్ల వెళ్లిపోయింది. ల్యాబ్‌కు వెళ్లి ఈస్ట్ ప్లేట్లను కాపాడే అనుమతి ఒక్కరికే. బేరమాడి నేనే సంపాదించాను. ఫ్రిజ్ తెరిచి చూస్తే నా ప్లేట్ల నిండా బూజు. లతవి తెల్లగా, నున్నగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, నా ఈస్ట్ ఎట్లున్నది?"

"ముందుగాల తిన్నవా లేదా చెప్పు."

"మాట మార్చకే. నీ దుకాణం తెలివి నాకాడ గాదు. నా ఈస్ట్ బతికుంటే బాపుతోని కొట్లాడైనా మల్లొస్త. లేకుంటే ఈడ్నే బడిల పంతులమ్మనైత."

"మాల్ ఖతం, లతా. బూజు పట్టింది."

"నీది గూడానా?"

"నాది గూడ."

"అయ్యో అక్కా, గంత కష్టపడితివి! ఏడ్వకు జర."

నన్ను ఓదార్చింది.

ముఖం తెలియని వాళ్లతో "మాల్ ఖతం" అని, పాత గిరాకీ కోసం బస్తా కౌంటర్ కింద దాచడం మా ఇంటి విద్య. కన్నార్పకుండా చెప్పడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. కానీ ఆ రోజు నేను దాచింది ఎవరి కోసం? నా కోసమే.

తర్వాత ఫ్రీజర్‌లోని మామూలు ఈస్ట్‌నూ, లత ప్లేట్లలోని ఈస్ట్‌నూ పక్కపక్కన పెట్టి గ్లూకోజ్ పోశాను. ఆ ప్రోటీన్ కనబడాలని ముందే దానికి జోడించిన ఆకుపచ్చ వెలుగు, మైక్రోస్కోప్‌లో చూస్తే మామూలు కణాల్లో అంచు వదిలి కడుపులోకి జారింది. లత కణాల్లో అంచునే ఉంగరంలా మెరుస్తూ నిలబడింది. ఎంత అందం! మాస్కు లోపలే కేక పెట్టాను. ఆ చిత్రం తీసింది నేను. దాని అర్థం విప్పింది నేను. ఇవాళ్టికీ తలచుకుంటే ఛాతీ ఉబ్బుతుంది. లత ఈస్ట్ పోయిందనీ, నేనే మళ్లీ తయారుచేశాననీ సార్‌కు చెప్పాను. ఆయన భేష్ అన్నారు. పరిశోధన వ్యాసం మీద నా పేరే మొదట.

లత తిరిగి రాలేదు. బడిలో సైన్స్ చెబుతోంది. వ్యాసం వచ్చినప్పుడు "మస్తు చేసినవ్ అక్కా" అని మెసేజ్ పెట్టింది.

భయపడే కాలం, అందరి బుర్రలూ చెదిరిన కాలం అని నాతో నేనే బేరమాడి తప్పు ధర తగ్గించుకోబోయాను ఎన్నోసార్లు. తగ్గలేదు. భయం కాదు, ఆశ. ఆమె తిరిగొస్తే ఆ వెలుగు ఆమెదవుతుందని తెలిసే ఆ మాట అన్నాను. లతకు చెప్పే ధైర్యం ఇంకా లేదు. మీరు క్షమించినా అది చెల్లదు, క్షమించాల్సింది మీరు కాదు కదా.

లత ఈస్ట్‌కు బూజు పట్టలేదు. పట్టిందని చెప్పింది నేను.

రాసేశాను. ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది.