కంకర దుమ్ముకు పుల్లటి గోలీ

మొన్న ఒక పత్రికలో చదివాను. కంటికి ఆనని నానో కణాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చేసే చెరుపును యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొంత తగ్గించవచ్చట. ఎలుకల మీద చూశారట. చూడనివ్వండి. నేను బడికి పోయింది తక్కువ, చదివింది చిత్తుకాగితాల దుకాణంలో కొన్న పుస్తకాలే. అయినా శాస్త్రాన్ని తప్పుపట్టను. నా కోపమంతా ఆ ముక్క పట్టుకొని ఫ్యాక్టరీకి బయలుదేరే యజమాని మీద. అలాంటివాణ్ణి నేను ముందే చూశాను.

ఎనభైలలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా కాలనీలే లేస్తున్నాయి. పునాదికీ స్లాబుకీ కంకర కావాలి. హయత్‌నగర్ వైపు గుట్ట పగలగొట్టి రాళ్లను కంకర మిషన్‌లో వేసేవాళ్లం. మా అన్న మిషన్ నోటి దగ్గర, నేను లారీ దగ్గర. రాయి నలిగేచోట నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. బోరు ఉంది, పైపూ ఉంది. కానీ తడి పొడికి జల్లెడ మూసుకుపోయి పని నెమ్మదిస్తోందని యజమాని పైపు విప్పించాడు. బదులుగా విటమిన్ సి గోలీలు తెచ్చాడు, నారింజ రంగువి, చప్పరిస్తే పుల్లగా ఉండేవి.

"దినాం ఒకటి ఏసుకోన్రి. లోపలికి పోయిన దుమ్మంత గిదే కడుగుతది."

మావాళ్లు నమ్మారు. గోలీ వేసుకున్నాక ఇక ముక్కుకు దస్తీ గుడ్డ ఎందుకని విప్పేశారు. అందరికంటే ముందు మా అన్నే.

"దస్తీ కట్టుకో అన్నా."

"ఉడకపోస్తుందిరా. గోలీ ఏసుకున్న కద."

"గోలీ రాయిని కరిగిస్తదా?"

"ఒచ్చిండు డాక్టర్ సాబ్. పోయి నీ పుస్తకాలు దులుపు, ఈడున్నదానికంటె ఎక్కువ దుమ్ము రాల్తది."

అందరూ నవ్వారు. కొన్నేళ్లకు అన్నకు నాలుగడుగులు వేస్తే ఊపిరి అందకుండా పోయింది. దవాఖానలో ఎక్స్‌రే చూసిన డాక్టరు, "రాతిపొడి దిగిపోయిందండీ. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు" అన్నాడు.

పరామర్శకని యజమాని మా ఇంటికి వచ్చాడు. చేతిలో కొత్త గోలీల డబ్బా. అన్న మంచం పక్కనే నిలబడి అడిగాను.

"పటేలా, ఇంక మిగిలినోళ్లకోసమన్న నీళ్ల పైపు పెట్టించు."

"పైపు ఏం చేస్తదిరా? గోలీలు సక్కగ ఏసుకున్నోళ్లు మంచిగనే ఉన్నరు కద. మీ అన్న ఏసుకోలేదేమో అడుగు."

నేను నోరు తెరిచేలోపే అన్న మోచేతి మీద లేవబోయాడు. దగ్గు ఆగాక, యజమాని వంక చూసి చేతులు జోడించాడు.

"నిజమే పటేలా. నడుమ నడుమ మరిచిపోయిన. నాదే తప్పు."

ఎంత చెప్పినా ఆ మాట అన్న మనసులోంచి తీయలేకపోయాను. తప్పు తనదేనని నమ్ముతూనే పోయాడు.