‘స’ పలికించిన డాక్టరమ్మ

జనగామ పళ్ల డాక్టరమ్మ ఇక లేరు. రెండు వారాల కిందట బుధవారం పొద్దున నేను మహబూబాబాద్‌లో బడికి బయలుదేరుతుంటే, ఆమె దగ్గర ఏళ్లుగా పనిచేసిన నర్సక్క ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఆ రోజు నేను సెలవు పెట్టలేదు. తొమ్మిదో తరగతికి తెలుగు పాఠం గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాతే జనగామ బస్సెక్కాను. ఆమెకు నేను చేయగలిగిన మర్యాద అదే అనిపించింది.

ఎందుకో తెలియాలంటే నా నోటి సంగతి చెప్పాలి. నాకు పుట్టుకతోనే చాలా పళ్లు లేవు. వచ్చినవి నాలుగు, అవీ మేకుల్లా సన్నగా. పెద్దయితే అవే వస్తాయని జఫర్‌గఢ్ దగ్గర మా ఊళ్లో అందరూ అన్నారు. పన్నెండేళ్లు నిండినా రాలేదు. పిసికిన అన్నం తినేదాన్ని. చున్నీ అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని. బడిలో ‘ముసలవ్వ’ అని పేరు పెట్టారు. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను.

అప్పుడు బాపు నన్ను జనగామ తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, చిగుళ్ల లోపల కూడా పళ్లు లేవని, ఇక రావని దాచకుండా చెప్పారు. బాపు తల దించుకున్నాడు.

“రాకుంటే మనం పెడుదం. పండ్లు లేవని పొల్ల బడి బందు వెడ్తదా?” అన్నారామె.

దవడ ఎదిగేదాకా తీసి పెట్టుకునే సెట్టు, ఎదుగుదల ఆగాక ఎముకలో బిగించే పళ్లు అని వివరంగా చెప్పారు. నోరు పెరిగినప్పుడల్లా సెట్టు మార్చాలన్నారు.

మొదటి సెట్టు నాకు ఒత్తుకుని పుండు పడింది. ఎవరికీ చెప్పకుండా దాన్ని మిరప చేను బావిలో పారేసి, బస్సులో పోయిందని అబద్ధం ఆడాను. డాక్టరమ్మ నోరు తెరవమన్నారు. పుండు చూశారు. అంతా అర్థమైపోయింది. నేను ఏడ్చాను. ఆమె తిట్టలేదు. నోటి అచ్చు తీసే ముద్ద మళ్లీ కలుపుతూ అన్న మాట నాకింకా గుర్తుంది.

“నొప్పి అయితుందని చెప్పుడు తప్పు కాదు బిడ్డా. నోరు మూసుకునుడే తప్పు.”

రెండో సెట్టు సరిగ్గా కుదిరింది కానీ ‘స’ అంటే ఈల వచ్చేది. డాక్టరమ్మ నా చేతికి పేపరిచ్చి చదవమన్నారు. చదవగానే సెట్టు తీసి, ముందు పళ్ల వెనక కొద్దిగా అరగదీసి, మళ్లీ పెట్టి, మళ్లీ చదవమన్నారు. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకోవడం, వినడం, అరగదీయడం. మధ్యాహ్నం దాటినా ఆమె అన్నానికి లేవలేదు. చివరికి ‘సర్కారు దవాఖాన’ అని చదివాను. ఈల లేదు. బయట బల్ల మీద తన వంతు కోసం కూర్చున్న ముసలాయన లోపలికి వినపడేలా అన్నాడు, “ఇప్పుడు సక్కగ వచ్చింది.”

డాక్టరమ్మ పకపకా నవ్వారు. వచ్చే సోమవారం మళ్లీ బడికి వెళ్లి, ప్రార్థన దగ్గర వార్తలు నువ్వే చదవాలని నా దగ్గర మాట తీసుకున్నారు.

చదివాను. మొదటి వార్తకు వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చదవడం ఆపలేదు. మూడో వార్తకు నా గొంతు తప్ప మైదానంలో ఇంకేమీ వినపడలేదు. ఆ వారం తర్వాత నన్నెవరూ ‘ముసలవ్వ’ అనలేదు.

ఆ తర్వాత సెట్టు నాలుగుసార్లు మారింది. పందొమ్మిదేళ్లకు పళ్లు బిగించారు. నాకు అద్దం ఇచ్చి, డాక్టరమ్మ మాత్రం బాపు మొహమే చూశారు. బాపు బయటికి వెళ్లి నిలబడ్డాడు. టీచరు ఉద్యోగం వచ్చిందని డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, “ఏదీ, ఒక పాఠం సదువు, నేను వింట” అన్నారు. మొత్తం విన్నారు.

ఆమె దినాలకు చిట్యాల నుంచి, రేగొండ నుంచి, ఎక్కడెక్కడి నుంచో నాలాంటి వాళ్లు వచ్చారు. అంతకు ముందు ఒకరికొకరం తెలియదు. నోరు విప్పగానే గుర్తుపట్టుకున్నాం, అందరివీ ఆ చేతి పళ్లే. భోజనాలకు ఒకే వరుసలో కూర్చున్నాం. మటన్ వడ్డిస్తూ వచ్చిన నర్సక్క మా వరుస చివర గంటె పట్టుకుని ఆగిపోయింది. వరుస పొడవునా ఎముకలు కొరుకుతున్న చప్పుడు. ఆమె కళ్లు తుడుచుకోకుండా అలాగే నిలబడి వింటోంది.