కూర్చుని వాయించిన పంక్

ఆ రోజుల్లో నాకు బుద్ధి తక్కువగా ఉన్నా మోకాళ్ళు మాత్రం భేషుగ్గా ఉండేవి. ఐర్లండులోని గాల్వేలో గుండె స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. ఊళ్ళో రూమ్మేట్ అన్న తప్ప పలకరించే దిక్కులేదు. ఒకరోజు క్యాంటీన్‌లో ఎర్రగడ్డం (మా సూపర్‌వైజరు, అసలు పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు) "నీకు ఫిడిల్ వచ్చటగా?" అన్నాడు. చిన్నప్పుడు మా మేనత్త నేర్పిందన్నాను. "గ్రాండ్! మా బ్యాండులో చేరిపో" అన్నాడు. ఐర్లండు పాత జానపదాలను డ్రమ్ములూ గిటార్లతో, ఇల్లు అంటుకున్నంత హడావిడిగా వాయిస్తూ గొంతు చించుకోవడం వాళ్ళ పని. సెల్టిక్ పంక్ అంటారట. పిలిచిందే చాలని ఎగిరి గంతేశాను.

ఎర్రగడ్డం గ్యారేజీలో ప్రాక్టీసు. నేను బూట్లు విప్పి, దుప్పటి పరిచి, బాసిపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడిపాదం మీద ఆనించి వాయించేవాణ్ణి. అత్త నేర్పింది అదే మరి. మిగతావాళ్ళు పెయింటు డబ్బాల మీద కూర్చునేవాళ్ళు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తీరా పబ్బులో మొదటి ప్రోగ్రాం కుదిరాక ఎర్రగడ్డం బాంబు పేల్చాడు. "స్టేజి మీద నిలబడాలి. కాదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా, ఏమీ అనుకోకు." దొరక్క దొరక్క దొరికిన స్నేహితులు! ఆ వారమంతా గదిలో నిలబడి సాధన చేశాను. దవడ కింద వయొలిన్ నిలవదు, నిలిస్తే కమాను కదలదు. రూమ్మేట్ అన్న (వరంగల్ మనిషి) తలుపు దగ్గర నిలబడి, "ఏంది తమ్మీ, వాయిస్తున్నవా, కుస్తీ పడ్తున్నవా?" అన్నాడు.

ప్రోగ్రాం రోజున నిలబడే మొదలుపెట్టాను. రెండో చరణానికే వయొలిన్ జారింది. పట్టుకోబోయి నేనూ చతికిలబడ్డాను. కూర్చున్నాక చేతులకు ప్రాణం లేచొచ్చింది, బూట్లు విసిరేసి దంచేశాను. వెనకవాళ్ళకు ఫిడిల్ వినిపిస్తోంది, మనిషి కనబడడు. "ముందున్నవాళ్ళు కూర్చోండి!" అని అరిచారు. ముందువరస కూర్చుంది, దాని వెనక వరసా కూర్చుంది. చూస్తుండగానే ఒంటినిండా పచ్చబొట్లున్న పంక్ అభిమానులంతా, చేతిలో గ్లాసులతో, భజనకు వచ్చినట్టు నేల మీద సర్దుకున్నారు. మధ్యలో మా రూమ్మేట్ అన్న తొడ మీద తాళం వేస్తుంటే, పక్కనున్నవాళ్ళూ అందుకున్నారు. ఎర్రగడ్డం ముఖం గడ్డం కన్నా ఎర్రబడింది. నా పని అయిపోయిందనుకున్నాను. అతను జనాన్ని చూశాడు, నన్ను చూశాడు, గిటారుతో సహా నా పక్కన కూలబడి, "జరుగు" అన్నాడు.

ఆ తర్వాత మాకు కూర్చునే బ్యాండని పేరొచ్చింది. పక్క జిల్లాలోని షానన్ దాకా వెళ్ళి పబ్బుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ వాయించాం. ఆపైన డ్రమ్మరు ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, ఎర్రగడ్డానికి కవలలు పుట్టారు, బ్యాండు తనంతట తానే ఆగిపోయింది.

మొన్న ఆ కవలల ఇరవయ్యొకటో పుట్టినరోజుకు మళ్ళీ కలిశాం. అదే గ్యారేజీలో దుప్పటి పరిచి వాయించాను. పాట కాగానే అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. ఎర్రగడ్డం (ఇప్పుడది తెల్లగడ్డం) చెయ్యి అందించి, "నిన్ను నిలబెట్టడం అప్పుడూ నావల్ల కాలేదు" అన్నాడు. నవ్వుతూ లేచాను గానీ, ఆ చెయ్యి వెంటనే వదలబుద్ధి కాలేదు.