ఆ ఎరుపు ఎరుపుగానే ఉండనిచ్చాను

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలకు అలారం సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న ఆఫీసులో, ఆ సాఫ్ట్‌వేర్‌కు తప్పులు పట్టడం నా ఉద్యోగం. ప్రోగ్రాంను నడపకముందే ఏ జవాబు రావాలో టెస్టులో రాసిపెడతాను. వచ్చింది దానితో కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు.

మొన్న ఎండాకాలం ఒక టెస్టు రాశాను: రియాక్టర్ వేడిని కొలిచే సెన్సర్ వైరు తెగితే అలారం మోగాలి. నడిపితే ప్రోగ్రాం సున్నా డిగ్రీలు చూపించి "నార్మల్" అంది. మే నెలలో, మరిగే రియాక్టర్‌లో, సున్నా డిగ్రీలట.

మర్నాడు కొనేవాళ్లు చూడడానికి వస్తున్నారు. మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏంది మేడమ్ గీ ఎరుపు? అలారం అని రాసిన కాడ నార్మల్ అని రాయుండ్రి. పచ్చగైతది, ఇంటికి పోతం."

"ప్రోగ్రాం చెప్పిందే రాసుకునేటట్టయితే నేనెందుకు సార్? పిల్లగాని పేపర్ జూసి జవాబులు రాసుకునే టీచర్‌ను పెట్టుకోండ్రి."

"వైరు ఊకె తెగుతదా?"

"మా ఆయన గసొంటి రియాక్టర్ కాడనే డ్యూటీ జేస్తడు. ఆడ ఎలుకలు ఏం తింటయో అడుగుండ్రి."

"మీతోని వాదన పెట్టుకుంటే పరేషానే."

"పెట్టుకున్నది మీరే." కీబోర్డు అతని వైపు జరిపాను. "మీ లాగిన్‌తోని మీరే మార్చుండ్రి. ఎవరు మార్చిన్రో అండ్ల ఉంటది."

పక్క కుర్చీలో కూర్చున్నాడు. చేయి నీళ్ల సీసా దాకా పోయింది గాని కీబోర్డు మీదికి రాలేదు.

"రేపు వాళ్లకు ఏం జెప్పాలె?"

"వైరు తెగితే మన అలారం మోగుతలేదు, సరిజేస్తున్నం అని."

కొనేవాళ్లు రానే వచ్చారు. ఎరుపు గురించి అడిగారు. అతను నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. ఆర్డర్ వాయిదా పడింది. ప్రోగ్రాం రాసేవాళ్లు నన్ను తిట్టుకుంటూనే సరిచేశారు. టెస్టులో ఒక్క అక్షరం మారకుండా పచ్చ వచ్చింది. ఆ ఏటి నా పనితీరు రిపోర్టులో మాత్రం మేనేజర్ "సర్దుకుపోయే గుణం లేదు" అని రాశాడు.

అది చదివి వినిపిస్తే మా ఆయన నవ్వాడు. "ఆయనకు ఇప్పుడు తెల్సిందా? కూర నోట్ల పెట్టకముందే ఉప్పెంత ఉండాల్నో చెప్తవు నువ్వు."

"చెప్త. రేపు పొద్దుగాల్ల డ్యూటీ ఉంది గద నీకు. తిని పండుకో."